మండీ మండని బొగ్గు

బొగ్గు అనగానే మనకు తోచేది మంట. కుంపట్లో వేసినా, పాతకాలపు రైలింజనులో వేసినా, కొత్తగూడెం బాయిలర్లలో వేసినా అది చేసే పని ఒక్కటే. మండుతుంది, బూడిదవుతుంది. కాని బొగ్గు చేత ఇంకో పని కూడా చేయించవచ్చు. దాన్ని పూర్తిగా మండనివ్వకుండా, అలాగని ఆరిపోనివ్వకుండా, రెంటికీ నడుమ పట్టి నిలిపామంటే అది గాలిగా మారిపోతుంది. ఆ గాలి దీపమై వెలుగుతుంది. బస్సును నడుపుతుంది. పొలంలోకి యూరియా అయి వస్తుంది. కావాలంటే పెట్రోలవుతుంది, కరెంటవుతుంది. గ్యాసిఫికేషన్ అని ఇంజనీర్లు పిలిచే విద్య ఇదే.

ఈ విద్యతో మనకేం పని అని పాఠకులు అడగవచ్చు. పని ఉంది. 2030 నాటికి ఏడాదికి 10 కోట్ల టన్నుల బొగ్గును ఇలా వాయువుగా మార్చాలని మన కేంద్ర ప్రభుత్వం సంకల్పించింది. అందుకు ప్రోత్సాహంగా 8,500 కోట్ల రూపాయలు ఇవ్వటానికి 2024 జనవరిలో మంత్రివర్గం ఒప్పుకుంది. గోదావరి ఒడ్డున బొగ్గు మీద కాపురమున్న తెలుగువాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. పైగా ఈ ప్రయోగం మన గడ్డ మీద ఒకసారి పెద్ద ఎత్తున జరిగింది. పందొమ్మిదేళ్లు కూడా నిండకుండా ఆగిపోయింది. కొత్త అప్పు ఇచ్చే షావుకారు ముందు పాత పద్దు తిరగేస్తాడు. మనమూ ఆ పని చేద్దాం.

కుంపట్లో కనిపించే విద్య

ముందు ఈ విద్య ఏమిటో తెలియాలి. దానికి కాలేజీ దాకా వెళ్లనక్కర లేదు. వంటింటి కుంపటి చాలు. కుంపట్లో బొగ్గులు మందంగా పేర్చి, బాగా రాజుకున్న తరువాత చూడండి. ఎర్రని బొగ్గుల పైన సన్నని నీలిమంటలు ఆడుతూ ఉంటాయి. బొగ్గు ఎర్రగా ఉంటే మంట నీలంగా ఎందుకుంది? ఎందుకంటే ఆ నీలిమంట బొగ్గుది కాదు. బొగ్గులోంచి పుట్టిన ఒక గాలిది.

కుంపటి అడుగు కంతల్లోంచి వచ్చిన గాలిలోని ప్రాణవాయువు మొదటి వరుస బొగ్గులతో కలిసి బొగ్గుపులుసు గాలి అవుతుంది. అది పైకి పోతూ ఎర్రగా కాలుతున్న బొగ్గుల నడుమ నుంచి దూరిపోవాలి. ఆ దారిలో అది మరికాస్త బొగ్గును తనలో కలుపుకుని కార్బన్ మోనాక్సైడు అనే మరో వాయువుగా మారుతుంది. ఇది మండే వాయువు. పైకి రాగానే కొత్తగాలి తగిలి నీలంగా అంటుకుంటుంది. అంటే ప్రతి కుంపటీ తన మటుకు తానొక చిన్న గ్యాసు కర్మాగారమే!

ఈ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. చలికాలంలో తలుపులు బిగించి గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లవారి లేవలేదన్న వార్త మనం పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఆ ప్రాణాలు తీసేది ఇదే వాయువు. మనిషి రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన పీట మీద ఇది ఎక్కి కూర్చుంటుంది, ఒక పట్టాన దిగదు. ఈ విషవాయువునే గొట్టాల్లో పట్టి పని చేయించుకోవటం మనిషి నేర్చుకున్నాడు.

బొగ్గు బస్సులు

మన పెద్దవాళ్లలో చాలామంది ఈ వాయువు మీద ప్రయాణం చేశారు. రెండవ ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరకలేదు. 1941లో రేషను వచ్చింది. బస్సులు ఆగిపోకుండా వాటి వెనకాల నిలువెత్తు ఇనప పీపా ఒకటి బిగించారు. దాంట్లో కర్రబొగ్గు పోసి, నిప్పు రాజేసి, చేత్తో తిప్పే పంకాతో గాలి కొట్టేవారు. పుట్టిన గ్యాసును చల్లార్చి, మసి వడగట్టి, ఇంజనులోకి పంపేవారు. జనం వాటిని బొగ్గు బస్సులన్నారు.

మా తాతయ్య ఈ బస్సుల సంగతి చెప్పేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయేవాడు. తెల్లవారుజామున క్లీనరు వచ్చి పంకా తిప్పటం మొదలుపెడితే బస్సు కదిలేసరికి బాగా పొద్దెక్కేదట. మల్లెపువ్వులాంటి పంచె కట్టుకుని ఎక్కినవాడు బొగ్గుబస్తా మోసినవాడిలా దిగేవాడట. మిట్ట రాగానే డ్రైవరు వెనక్కి తిరిగి, “మగవాళ్లంతా ఒకసారి దిగాలి బాబూ!” అనేవాడట. టిక్కెట్టు కొన్నవాడు బస్సును తోయటమేమిటని మొదట్లో తగాదాలయ్యేవి. తరువాత జనం చెప్పకుండానే దిగటం నేర్చుకున్నారు.

తోయవలసి రావటానికి కారణముంది. మనం ఊదే గాలిలో అయిదింట నాలుగు పాళ్లు నత్రజని. అది మండదు, మండనివ్వదు. ఊరికే వెంట వస్తుంది. అందువల్ల పుట్టిన గ్యాసులో దాదాపు సగం నత్రజనే ఉంటుంది. పెట్రోలుతో చూస్తే ఇంజను బలం మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది. ఈ చిక్కు తీరాలంటే గాలికి బదులు ఉత్త ప్రాణవాయువును పంపాలి. పెద్ద కర్మాగారాలలో చేసేది అదే. కాని గాలిలోంచి ప్రాణవాయువును వేరుచేయటానికి మరో కర్మాగారం కావాలి. దానికి కరెంటు ఖర్చు. ఈ విద్యలో ఏదీ ఉచితంగా రాదని ఇక్కడే తెలిసిపోతుంది.

వీధి దీపాలూ, నీలిమందూ

కథ ఇంకా పాతది. 1792లో ఇంగ్లండులోని రెడ్‌రూత్ అనే ఊళ్లో విలియం మర్డాక్ అనే ఇంజనీరు బొగ్గును మూసిన పాత్రలో కాల్చి, వచ్చిన గ్యాసుతో తన ఇంట్లో దీపాలు వెలిగించాడు. 1807లో లండనులోని పాల్‌మాల్ వీధిలో గ్యాసు దీపాలు వెలిగాయి. 1812లో అందుకోసం ఒక కంపెనీయే పుట్టింది. మన దేశంలో 1857 నాటికి, అంటే ఉత్తరాదిన సిపాయిలు తిరగబడిన ఏడే, కలకత్తా వీధుల్లో గ్యాసు దీపాలు వచ్చాయి. తరువాత బొంబాయి అందుకుంది. సాయంత్రం కాగానే నిచ్చెన భుజాన వేసుకుని దీపాలు ముట్టించేవాడు వీధివెంట రావటం ఆ నగరాలలో చాలాకాలం మామూలు దృశ్యం.

అయితే నాటి నగరాల గ్యాసుకూ నేటి గ్యాసిఫికేషనుకూ తేడా ఉంది. నాడు చేసింది బొగ్గును గాలి తగలకుండా కాల్చి, దానిలో ఉన్న ఆవిరిని రాబట్టటం. వెనక కోకు మిగిలేది, తారు మిగిలేది. ఇప్పుడు చేసేది బొగ్గు మొత్తాన్ని గ్యాసుగా మార్చటం. బూడిద తప్ప ఏమీ మిగలదు.

ఆ తారు కథ మన రైతు దాకా వచ్చింది. గ్యాసు కంపెనీలు మొదట్లో దాన్ని ఎక్కడ పారబోయాలో తెలియక అవస్థపడ్డాయి. 1856లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు తారులోంచి తీసిన పదార్థంతో ఊదారంగు తయారుచేశాడు. దాంతో రంగుల పరిశ్రమ పుట్టింది. 1897లో జర్మనులు తారు సరుకుతోనే నీలిరంగు తయారుచేసి అమ్మకానికి పెట్టారు. కడప, నెల్లూరు సీమల్లో తరతరాలుగా నీలిమందు పండించిన రైతులకు ఆ తరువాత బేరం లేకపోయింది. ఎక్కడో బొగ్గు బట్టీలో మిగిలిన మడ్డి ఇక్కడి పైరును మింగేసింది. కొత్త యంత్రం వచ్చినప్పుడు దాని లాభం ఎవరికి, దెబ్బ ఎవరికి అని అడగటం అనవసరం కాదని చెప్పటానికే ఈ సంగతి ఎత్తాను.

నిప్పు మీద నీళ్లు

ఎర్రగా కాలే బొగ్గు మీద నీళ్లు పోస్తే ఆరిపోతుందని అందరికీ తెలుసు. కాని నీటిని ఆవిరిచేసి, బాగా కాలిన బొగ్గుల మధ్యకు పంపితే ఒక వింత జరుగుతుంది. నీటిలోని ప్రాణవాయువును బొగ్గు లాక్కుంటుంది, హైడ్రోజను విడిపోతుంది. బొగ్గు కార్బన్ మోనాక్సైడు అవుతుంది. ఈ రెండూ మండే వాయువులే. ఈ జంటనే ఇంజనీర్లు సిన్‌గ్యాస్ అంటారు.

అయితే ఈ పనికి వేడి బాగా ఖర్చవుతుంది; బొగ్గు చల్లబడిపోతుంది. అందుకని ఆవిరితో పాటు కొలిచినంత ప్రాణవాయువు కూడా పంపి కొంత బొగ్గును మండిస్తారు. ఆ కొంత మండితే వచ్చిన వేడితో మిగతా బొగ్గు గ్యాసవుతుంది. ప్రాణవాయువు ఎక్కువైతే అంతా మండిపోయి పొగే మిగులుతుంది. తక్కువైతే నిప్పు ఆరుతుంది. గంజి వార్చేటప్పుడు మూత ఎంత తియ్యాలో తెలిసిన చెయ్యి ఉన్నట్టే ఇక్కడా తెలిసిన చెయ్యి ఉండాలి.

సిన్‌గ్యాస్ చేతికొచ్చాక దారులు చాలా ఉన్నాయి. దానికి మరికాస్త ఆవిరి కలిపితే కార్బన్ మోనాక్సైడు కూడా మారి ఇంకా హైడ్రోజను వస్తుంది. ఆ హైడ్రోజనుకు నత్రజని కలిపితే అమ్మోనియా. అమ్మోనియాకు బొగ్గుపులుసు గాలి కలిపితే యూరియా. మరో దారిలో పోతే మెథనాలు. ఇంకో దారిలో డీజిలు. ఉక్కు కొలిమిలో ఇనప ఖనిజాన్ని ఇనుముగా మార్చటానికీ ఇది పనికొస్తుంది. ఒక్క పిండితో దోసె, ఇడ్లీ, ఊతప్పం చేసుకున్నట్టు ఒక్క గ్యాసుతో ఇన్ని సరుకులు.

పెట్రోలు లేని దేశాలు

ఈ విద్యను పైకి తెచ్చింది అవసరం. జర్మనీలో బొగ్గు ఉంది, చమురు లేదు. 1925 ప్రాంతంలో ఫిషర్, ట్రాప్ష్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు సిన్‌గ్యాసును నూనెగా మార్చే పద్ధతి కనిపెట్టారు. 1926లో ల్యూనా అనే చోట వింక్లర్ పద్ధతి గ్యాసు యంత్రం పని మొదలుపెట్టింది. రెండవ యుద్ధంలో హిట్లరు విమానాలకు కావలసిన పెట్రోలు చాలామటుకు బొగ్గునుంచే వచ్చింది. దాన్ని బొగ్గుకు హైడ్రోజను ఎక్కించే వేరే పద్ధతిలో చేశారు. ఆ హైడ్రోజను తయారుకావటానికి మళ్లీ గ్యాసు యంత్రాలే దిక్కు. 1944 మేలో మిత్రరాజ్యాల విమానాలు ఈ కర్మాగారాల మీద బాంబులు కురిపించటంతో జర్మను విమానాలకు తిండి కరువైంది.

తరువాతి పేరు దక్షిణాఫ్రికాది. అక్కడ 1950లో సాసోల్ అనే సంస్థ పుట్టింది. 1955లో బొగ్గునుంచి తొలి నూనె తీసింది. వర్ణవివక్ష పాటించే ఆ ప్రభుత్వానికి చాలా దేశాలు చమురు అమ్మం పొమ్మన్నాయి. దాంతో సెకుండా అనే చోట 1980లలో మరో రెండు బ్రహ్మాండమైన కర్మాగారాలు నిలిపారు. అక్కడ రోజుకు లక్షన్నర పీపాల నూనెకు సరిపడే ఏర్పాటుంది. ప్రపంచం మొత్తం మీద ఒక్కచోటి నుంచి ఎక్కువ బొగ్గుపులుసు గాలి వదిలే స్థలాల్లో సెకుండా పేరు ముందు వరసలో ఉంటుంది. చైనా ఈ పద్ధతిలో అందరినీ మించిపోయింది. అక్కడి అమ్మోనియా, మెథనాలు ఎక్కువ భాగం బొగ్గునుంచే. నింగ్‌షియా రాష్ట్రంలో ఏటా 40 లక్షల టన్నుల నూనె సరుకు తీసే కర్మాగారం 2016లో మొదలైంది.

ఈ చరిత్రంతా చూస్తే నాకు ఒకటి తోస్తుంది. బొగ్గునుంచి నూనె తీసినవాడు అది చౌక అని తీయలేదు. మరో దారి లేక తీశాడు.

రామగుండం పద్దు

ఇప్పుడు మన ఇంటి లెక్క. 1970లలో చమురు ధర మండిపోతున్నప్పుడు బొగ్గుతోనే ఎరువు చేయాలని మన దేశం నిశ్చయించుకుంది. ఒకే నమూనా మీద రెండు కర్మాగారాలు కట్టారు: ఒకటి ఒరిస్సాలో తాల్చేరు, రెండవది మన రామగుండం. పక్కనే సింగరేణి బొగ్గు, పక్కనే గోదావరి నీళ్లు. ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? ఒక్కొక్కటి రోజుకు 900 టన్నుల అమ్మోనియా, 1,500 టన్నుల యూరియా తీయాలని లెక్క. 1980లో రెండూ పని మొదలుపెట్టాయి. 1999లో రెండూ ఆగిపోయాయి.

ఎందుకు ఆగిపోయాయి? వాటిలో పెట్టిన గ్యాసు యంత్రాలు కాపర్స్ టోట్‌జెక్ అనే పద్ధతివి. బొగ్గును పిండిలాగా విసిరి, ప్రాణవాయువుతో కలిపి లోపలికి ఊదుతారు. లోపల వేడికి బూడిద కూడా కరిగి పాకమై కారుతుంది. బూడిద తక్కువున్న బొగ్గుకు ఇది భేషైన పద్ధతి. కాని మన బొగ్గులో బూడిద తరచుగా నూటికి 30 నుంచి 45 పాళ్లు. పది గంపలు పోస్తే నాలుగు గంపలు మట్టే అన్నమాట. ఆ మట్టిని విసరటానికి కరెంటు, కరిగించటానికి ప్రాణవాయువు, బయటికి లాగటానికి నీళ్లు. గొట్టాలు అరిగిపోయేవి, యంత్రాలు మొరాయించేవి. దానికి తోడు కరెంటు కోతలు. ఇటువంటి కర్మాగారంలో కరెంటు ఒక నిమిషం పోతే మళ్లీ దారికి తేవటానికి గంటలు పడుతుంది. అనుకున్నంత ఉత్పత్తి ఎన్నడూ రాలేదు. నష్టాలు మాత్రం పేరుకున్నాయి.

గోదావరిఖనిలో ఒక టీ కొట్టు దగ్గర, గ్యాసు యంత్రాల మీద చాలా ఏళ్లు పనిచేసిన ఒక పెద్దమనిషితో మాట్లాడాను. నేను బొగ్గు గురించి అడగబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “బొగ్గు గురించి అడుగకు సారూ, బూడిద గురించి అడుగు. బొగ్గు తన పని తాను చేసుకుంటది. మనం జీతం తీసుకున్నది బూడిదతోని కొట్లాడెతందుకే” అన్నాడు. మూడు గంటలు విన్న ఉపన్యాసాల కన్నా ఆ ముక్కలో నాకు ఎక్కువ అర్థమైంది. ఆయన కొడుకు ఇప్పుడు గనిలో పనిచేస్తున్నాడు. మనవడు డిప్లొమా చదువుతున్నాడు. “గ్యాసు ఫ్యాక్టరీలు మళ్ల వస్తయంటున్నరు గద, పోరనికి నౌకరి దొరుకుతదా?” అని ఆయన తిరిగి నన్నడిగాడు. ఈ వ్యాసం రాయటానికి ఆ ప్రశ్న కూడా ఒక కారణం.

రామగుండంలో ఎరువు మళ్లీ తయారవుతోంది. పాత చోటనే కట్టిన కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏటా 12 లక్షల టన్నులకు పైగా యూరియా దాని శక్తి. అయితే అది బొగ్గుతో నడవటం లేదు. ఎక్కడి నుంచో గొట్టాల్లో వచ్చే సహజవాయువుతో నడుస్తోంది. కాళ్ల కింద బొగ్గు, పొయ్యిలో పరాయి గ్యాసు! సహజవాయువులో మనం విదేశాల నుంచి తెచ్చుకునేది దాదాపు సగం. ఎక్కడో సముద్రానికి అవతల యుద్ధం వస్తే ఇక్కడ యూరియా లెక్క తారుమారవుతుంది. బొగ్గు వైపు ప్రభుత్వం మళ్లీ చూడటానికి కారణం ఇదే.

తాల్చేరు మాత్రం మళ్లీ బొగ్గు దారినే పట్టింది. అక్కడ కొత్త కర్మాగారానికి 2018లో శంకుస్థాపన జరిగింది. ఈసారి బొగ్గు ఒక్కటే వాడకుండా, బూడిద పాలు తగ్గేలా చమురు శుద్ధిలో మిగిలే పెట్‌కోకును కలపాలని ఏర్పాటు. అంటే పాత పాఠం కొంత వంటబట్టిందన్నమాట.

హైదరాబాదు చేతిపని

పరాయి యంత్రం మన బొగ్గుకు కుదరదని మన శాస్త్రజ్ఞులు ఏనాడో గ్రహించారు. హైదరాబాదులో తార్నాక దగ్గరున్న ప్రాంతీయ పరిశోధనాలయం, ఇప్పటి ఐ.ఐ.సి.టి., సింగరేణి బొగ్గు మీద ఎన్నో ఏళ్లు పనిచేసింది. తక్కువ వేడిలో బొగ్గును కాల్చి పొగరాని వంటబొగ్గు చేసే పద్ధతి అక్కడ తీర్చిదిద్దారు. 1980లలో గ్యాసిఫికేషనుకు ఒక నమూనా యంత్రం కూడా నడిపి చూశారు. బి.హెచ్.ఇ.ఎల్. వారు తిరుచిరాపల్లిలో 6.2 మెగావాట్ల చిన్న విద్యుత్ కేంద్రాన్ని బొగ్గు గ్యాసుతో నడిపారు. 2021లో అదే సంస్థ హైదరాబాదు పరిశోధనశాలలో, బూడిద ఎక్కువున్న మన బొగ్గునుంచే రోజుకు పావు టన్ను మెథనాలు తీసి చూపించింది. పావు టన్ను అంటే నవ్వులాటలా కనిపించవచ్చు. కాని మన బొగ్గుకు మన యంత్రం అన్న మాట ఋజువు కావటానికి అది తక్కువేం కాదు. మెథనాలు మనకు దాదాపు అంతా పైదేశాల సరుకే.

ఆ యంత్రంలో బొగ్గును పిండి చేసి ఊదరు. నలగగొట్టిన బొగ్గును కింది నుంచి వచ్చే గాలి మరుగుతున్న నీళ్లలా తేల్చి ఆడిస్తుంది. బూడిదను కరిగించరు, పొడిగానే తీసేస్తారు. బూడిదతో కొట్లాట తగ్గించుకునే ఉపాయం ఇది. ఒరిస్సాలోని అంగుల్‌లో ఒక ఉక్కు కర్మాగారం బొగ్గు గడ్డలనే వాడే పద్ధతితో గ్యాసు తీసి, దానితో ఇనుము చేస్తోంది. కనుక మన బొగ్గు పనికిరాదన్న మాట నిజం కాదు. ఏ యంత్రమైనా పనికొస్తుందన్న మాటా నిజం కాదు.

కరెంటు సంగతి

బొగ్గును నేరుగా మండించి కరెంటు తీస్తే, మామూలు కేంద్రాలలో బొగ్గులోని శక్తిలో మూడో వంతు, మహా అయితే మరికాస్త, కరెంటుగా చేతికొస్తుంది. మిగతాది పొగగొట్టంలోకీ చల్లనీటిలోకీ పోతుంది. అదే బొగ్గును గ్యాసు చేసి, శుభ్రపరచి, విమానపు ఇంజనులాంటి టర్బైనులో మండిస్తే ఒకసారి కరెంటు వస్తుంది. టర్బైను వదిలే వేడిగాలితో నీటిని ఆవిరి చేస్తే రెండవసారి కరెంటు వస్తుంది. ఒక్క చెరుకును రెండుసార్లు గానుగలో పెట్టినట్టు. గంధకాన్నీ మసినీ మండకముందే తీసేయవచ్చు కనుక పొగ కూడా శుభ్రం.

కాగితం మీద ఇంత బాగున్నది నేల మీద తడబడింది. అమెరికాలో, కాలిఫోర్నియాలోని కూల్‌వాటర్ అనే చోట 1984లో దాదాపు 100 మెగావాట్ల కేంద్రం మొదలుపెట్టి అయిదేళ్లు నడిపారు. హాలెండులోని బుగెనుం కేంద్రం సుమారు ఇరవై ఏళ్లు నడిచి 2013లో మూతపడింది. అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో కెంపర్ అనే చోట కట్టిన కేంద్రానికి సుమారు 750 కోట్ల డాలర్లు పోశారు. గ్యాసు యంత్రాలు చెప్పిన మాట వినలేదు. 2017లో బొగ్గుకు స్వస్తి చెప్పి, గొట్టంలో వచ్చే సహజవాయువుకు మారారు. 2021లో ఆ యంత్రాలను పేల్చి కూల్చారు. మన విజయవాడలో కూడా ఇటువంటి కేంద్రం కట్టాలని 2008లో ఒప్పందం జరిగింది. అది కాగితం దాటి రాలేదు. అందరికీ ఇదే గతి అనలేం. జపాను నకోసోలో 2007లో ప్రయోగ కేంద్రం పెట్టి, సంవత్సరాల తరబడి ఓపికగా నడిపి, ఆ తరువాతే పెద్ద కేంద్రాలకు పోయింది. చిన్నది నడిపి పెద్దది కట్టటంలో ఉన్న తెలివి ఇక్కడ కనిపిస్తుంది.

గని దిగకుండా గ్యాసు

బొగ్గును పైకి తేవటమెందుకు, భూమిలోనే గ్యాసు చేస్తే పోలేదా అని 1868లోనే విలియం సీమెన్స్ అన్నాడు. రష్యా శాస్త్రజ్ఞుడు మెండలీఫ్ 1888లో అదే చెప్పాడు. ఒక బోరులో గాలి పంపి, లోపల బొగ్గును రాజేసి, మరో బోరులోంచి గ్యాసు తీయటం. గని దిగి ప్రాణం పణంగా పెట్టేవాడు ఉండడు. ఉజ్బెకిస్తానులోని అంగ్రెన్‌లో 1961 నుంచి ఇది జరిగింది. మన జార్ఖండులో జాంతాడా జిల్లా కాస్తా దగ్గర 2024లో ప్రయోగం మొదలుపెట్టారు.

వినటానికి ముచ్చటగానే ఉంది. కాని భూమిలో రాజేసిన నిప్పు మన కంటికి కనిపించదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో ఇలాంటి ప్రయోగం వల్ల నేలలోకి విషవాయువులు పాకాయని తేలి, 2016లో అక్కడి ప్రభుత్వం ఈ పద్ధతినే నిషేధించింది. చుట్టూ బావుల మీద బతికే పల్లెలున్న మన గోదావరి లోయలో ఈ సంగతి మరచిపోవటానికి వీల్లేదు.

పొగ లెక్క

చివరికి మిగిలేది బొగ్గుపులుసు గాలి. వాతావరణం వేడెక్కటానికి అది ముఖ్య కారణమని ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. సహజవాయువుతో ఒక టన్ను అమ్మోనియా చేస్తే వచ్చేదానికి, బొగ్గుతో చేస్తే సుమారు రెట్టింపు వస్తుంది. “శుభ్రమైన బొగ్గు” అని ప్రకటనలలో చదివినప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. గంధకం పోయిందా? పోయింది. మసి పోయిందా? పోయింది. బొగ్గుపులుసు గాలి మాత్రం పోలేదు.

అయితే ఒక వెసులుబాటుంది. మామూలు పొగగొట్టంలో ఈ గాలి నత్రజనిలో కలిసిపోయి పలచగా ఉంటుంది, పట్టటం కష్టం. గ్యాసిఫికేషనులో దాన్ని ఎలాగూ వేరుచేసి తీస్తారు; చిక్కగా చేతిలోకి వస్తుంది. అమెరికాలో ఉత్తర డకోటాలోని బ్యూలా దగ్గర 1984 నుంచి నడిచే గ్యాసు కర్మాగారం, 2000 నుంచి ఆ గాలిని సుమారు 330 కిలోమీటర్ల గొట్టంలో కెనడాకు పంపి, పాత చమురు బావుల్లోకి దింపిస్తోంది. యూరియాకు కొంత ఎలాగూ కావాలి. కాని చేతిలోకి వచ్చినదాన్ని దాచటానికి ఖర్చుంది. ఆ ఖర్చు అంచనాలో రాయకపోతే, అది గాలిలోకే పోతుందని అర్థం.

నా మట్టుకు నేను ఈ విద్యకు శత్రువును కాను. వంద కోట్లకు పైబడిన జనానికి అన్నం పండించే ఎరువు కోసం పరాయి ఓడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటం ఏ దేశానికీ గౌరవం కాదు. కాని సౌరవిద్యుత్తు ఇంత చౌకైన రోజుల్లో కరెంటు కోసమే బొగ్గును గ్యాసు చేయటం నాకు తెలివైన పనిగా తోచదు. ఎరువు, మెథనాలు, ఉక్కు వంటి వాటికైతే ఆలోచించదగ్గదే. అక్కడ కూడా శంకుస్థాపన శిలాఫలకం మీద ఎవరి పేరుందో చూసే ముందు మూడు సంగతులు అడగాలి. ఈ యంత్రం ఏ గని బొగ్గుతో, ఎంత బూడిదతో, ఎన్ని నెలలు ఆగకుండా నడిచి చూపించింది? అది తాగే నీళ్లు ఎవరి వాటాలోంచి తీస్తారు? అది వదిలే బొగ్గుపులుసు గాలిని ఎక్కడ పెడతారు, ఆ ఖర్చు ఎవరిది?

ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన కర్మాగారం వస్తే గోదావరిఖని పెద్దమనిషి మనవడు నిశ్చింతగా అందులో చేరవచ్చు. చెప్పలేనిది వస్తే, పందొమ్మిదేళ్ల తరువాత అతనికి నలభై నిండుతాయి, ఇంట్లో బడికిపోయే పిల్లలుంటారు. ఆ వయసులో మళ్లీ ఉద్యోగం వెతుక్కోమనటానికి మనకు హక్కు లేదు.